‘బాస్’ పేరుతో అరడజను చేపలు: పులుసుకి ఏది, వేపుడుకి ఏది, పిల్లలకి ఏది?

నరసాపురం వైపు పుట్టి పెరిగినవాళ్లకి పండుగప్ప రుచి నాలుక మీద ఉండిపోతుంది. న్యూజెర్సీకి వచ్చిన కొత్తలో చేపల కౌంటర్ ముందు నిలబడితే ‘సీ బాస్’ అని రాసి ఉన్న చేపలే నాలుగు రకాలు కనిపించాయి. పండుగప్పని ఇంగ్లీషులో ఏషియన్ సీ బాస్ అంటారని తెలుసు. ఆ నాలుగింట్లో తెల్లగా, మందంగా, అన్నిటికన్నా ఖరీదుగా ఉన్నదాన్ని రెండు పౌండ్లు కొన్నాను. అది చిలియన్ సీ బాస్. అమ్మ చెప్పిన కొలతలతోనే చింతపండు పులుసు మరిగించి ముక్కలు వేశాను. పది నిమిషాలకి మూత తీస్తే ఒక్క ముక్కా ముక్కగా లేదు. అన్నీ రేకులు రేకులుగా విడిపోయాయి. నేను పోసిన నూనెకి రెండింతలు పైన తేలుతోంది. తింటే పులుసు పులుసుగానూ లేదు, చేప చేపగానూ లేదు.

నిజానికి అది చాలా మంచి చేప, పులుసుకి పనికొచ్చే చేప మాత్రం కాదు. అప్పటినుంచి ‘బాస్’ అనే పేరున్న ప్రతి చేపనీ ఒక్కో వంటలో వేసి చూస్తూ వచ్చాను. నాకు తేలింది ఒక్కటే: ఈ పేరు చూసి కొంటే మోసపోతాం. ఏ వంట చేయబోతున్నామో ముందే అనుకుని, ఆ వంటకి తగిన కండ ఉన్న చేపని కొనాలి.

## పేరు ఒకటే, చేపలు వేరు

శీలావతికీ బొచ్చెకీ చుట్టరికం ఉంది. బాస్‌లన్నిటి మధ్యా అదీ లేదు. పండుగప్పకి దగ్గరి చుట్టం ఆఫ్రికాలోని నైల్ పెర్చ్. బ్లాక్ సీ బాస్ గల్ఫ్‌లో మనవాళ్లు హమూర్ అని కొనే గ్రూపర్ల వైపు చేప. చిలియన్ సీ బాస్ అయితే అసలు బాసే కాదు. దాని పేరు పెటగోనియన్ టూత్‌ఫిష్. ఆ పేరుతో ఎవరూ కొనరని 1977లో లీ లాంట్జ్ అనే అమెరికన్ చేపల వ్యాపారి దానికి ‘చిలియన్ సీ బాస్’ అని కొత్త పేరు పెట్టాడు. ఆ పేరుతోనే అది రెస్టారెంట్ మెనూలకి ఎక్కింది.

ఇంకో తికమక మన ఊళ్లలోనే ఉంది. ‘బాసా’ వేరు, ‘బాస్’ వేరు. బాసా అంటే మన కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో కూడా పెంచే పంగస్ జాతి. పార్టీల్లో, హోటళ్లలో ఫిష్ ఫింగర్స్‌గా వచ్చేది చాలాసార్లు అదే. తక్కువ ధరకి దొరికే చేపగా దాని చోటు దానికి ఉంది. కానీ పండుగప్ప ధర కట్టి బాసా తినాల్సిన అవసరం మనకి లేదు. తేడా పట్టడం తేలికే. పంగస్‌కి పొలుసు ఉండదు. కాబట్టి ఫిల్లెట్ ఎప్పుడూ చర్మంతోనే కొనండి. చర్మం మీద వలలాగా పొలుసు గుర్తులు కనిపిస్తే అది పంగస్ కాదు.

## కొనేముందు చూడాల్సినవి

అన్నిటికంటే ముందు కండ. పులుసులో ముక్క పది నిమిషాలు మరిగినా విడిపోకూడదు. అంటే కండ గట్టిగా ఉండాలి, నడిముల్లు ముక్కలోనే ఉండాలి. ముల్లు తీసేసిన ఫిల్లెట్‌తో పులుసు పెట్టొచ్చు గానీ, పులుసుకి ఆ చిక్కదనం రాదు. తలకాయ, ముల్లు మరిగితేనే పులుసుకి రుచి దిగుతుంది.

రెండోది కొవ్వు. కొవ్వు ఎక్కువున్న చేప ఓవెన్‌లో, గ్రిల్ మీద ఎండిపోకుండా తట్టుకుంటుంది. పులుసులో ఆ కొవ్వే కరిగి పైకి తేలి పులుపుని మింగేస్తుంది. కొవ్వు తక్కువున్న చేప అందుకు తలకిందులు: పులుసులో బాగుంటుంది, ఓవెన్‌లో రెండు నిమిషాలు ఎక్కువైతే పీచులా అవుతుంది.

మూడోది ముళ్లు. ఈ బాస్‌లన్నిటిలో ఒక మంచి గుణం ఉంది. శీలావతిలో, పులసలో ఉండే సన్నటి ముళ్ల బాధ వీటిలో లేదు. నడిముల్లు, పక్కటెముకలు తీసేస్తే దాదాపు అంతా కండే. పిల్లలకి, పెద్దవాళ్లకి చేప పెట్టాలంటే టెన్షన్ పడేవాళ్లకి ఇది పెద్ద ఊరట.

నాలుగోది పాదరసం, అంటే మెర్క్యురీ. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో దీన్ని మొదట చూడాలి. దీని గురించి కింద విడిగా రాశాను. ఇక ధర, దొరకడం అనేవి ఊరిని బట్టి మారేవి.

| చేప | కండ | కొవ్వు | మన వంటల్లో |
|---|---|---|---|
| పండుగప్ప / బారముండి | గట్టి, పెద్ద రేకులు | తక్కువ నుంచి మధ్యస్థం | పులుసు, ఇగురు, వేపుడు అన్నీ |
| హైబ్రిడ్ స్ట్రైప్డ్ బాస్ | గట్టి | తక్కువ నుంచి మధ్యస్థం | పులుసుకి మొదటి ఎంపిక |
| సముద్రపు స్ట్రైప్డ్ బాస్ | బాగా గట్టి, రుచి ఘాటు | తక్కువ | ఇగురు, గ్రిల్ |
| బ్రాంజినో (యూరప్ సీ బాస్) | మెత్తన, సన్నటి రేకులు | పెంపకంలో ఎక్కువ | నిలువు చేప వేపుడు, ఓవెన్ |
| బ్లాక్ సీ బాస్ | గట్టి, తేట రుచి | తక్కువ | ఆవిరి, పల్చటి పులుసు |
| చిలియన్ సీ బాస్ | వెన్నలాంటి కండ | చాలా ఎక్కువ | ఓవెన్, గ్రిల్ మాత్రమే |

## పండుగప్ప, అదే బారముండి

కొందరు పండుగొప్ప అంటారు. బెంగాల్‌లో భెట్కి, తమిళులకి కొడువా, మలయాళీలకి కాళాంజి, సింగపూర్, మలేషియాల్లో సియాకప్. ఆస్ట్రేలియాలో బారముండి. ఆ మాట అక్కడి ఆదివాసుల భాష నుంచి వచ్చింది, పెద్ద పొలుసుల నది చేప అని అర్థం. ఈ పేర్లు గుర్తుంటే ఏ దేశంలో ఉన్నా పండుగప్ప దొరికినట్టే.

ఇది ఉప్పునీళ్లలోనూ మంచినీళ్లలోనూ బతికే చేప. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర గుడ్లు పెడుతుంది, పిల్లలు ఉప్పుటేర్ల మీదుగా లోపలికి ఎక్కి వస్తాయి. మొదట మగగా పెరిగి, కొన్నేళ్ల తర్వాత ఆడగా మారుతుంది. అందుకే కిలో, కిలోన్నర చేపలో గుడ్లు ఉండవు. గుడ్లు కావాలంటే బాగా పెద్ద చేపే కోయించాలి.

మన దగ్గర ఉన్నవాళ్లకి వచ్చే మొదటి ప్రశ్న: ఏటి పండుగప్పా, చెరువు పండుగప్పా? ఏటి చేపకి కండ బిగువుగా, రుచి తేటగా ఉంటుంది. దొరికిన రోజు అదృష్టం, ధర కూడా అలాగే ఉంటుంది. చెరువు చేపని తక్కువగా చూడక్కర్లేదు. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ ‘సిబా’ 1997లో హేచరీలో దీని పిల్లల్ని పుట్టించడంలో విజయం సాధించింది. అప్పటినుంచి రైతులు ఏటి పిల్లల మీదే ఆధారపడాల్సిన పని తగ్గింది. అయినా శీలావతి కన్నా దీని ధర ఎందుకు అంత ఎక్కువ అంటే, ఇది తవుడు తిని పెరిగే చేప కాదు. చేపల్నే తింటుంది. ఆకలేస్తే తన జాతి పిల్లల్నే మింగేస్తుంది. అందుకని రైతు పిల్లల్ని సైజు వారీగా వేరుచేస్తూ ఉండాలి, మేత ఖర్చు భరించాలి.

చెరువు చేపలో ఒక్కోసారి మట్టి వాసన వస్తుంది. నీళ్లలోని నాచు, సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం దానికి కారణం. పులుపు తగిలితే అది విరుగుతుంది. చింతపండు, పుల్లమామిడి, నిమ్మకాయ, పుల్లటి పెరుగు ఏదైనా పనిచేస్తుంది. చెరువు చేప ఎక్కువగా తినే మన ప్రాంతంలో పులుసే చేపల వంటకి రాజు కావడంలో నాకు ఆశ్చర్యం కనిపించదు. కాబట్టి చెరువు పండుగప్ప దొరికితే పులుసు, ఏటి పండుగప్ప దొరికితే వేపుడు లేదా ఇగురు. నా లెక్క ఇది.

అమెరికాలో బారముండి ఎక్కువగా గడ్డకట్టిన ఫిల్లెట్‌గా దొరుకుతుంది, చాలావరకు పెంపకం చేపే. ముళ్లు ఉండవు, నీసు తక్కువ, మసాలా బాగా పడుతుంది. పులుసుకి తలకాయ, ముల్లు లేని లోటు మాత్రం తెలుస్తుంది. వేపుడికి, ఇగురుకి దానికి వంక పెట్టలేం. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చూడండి. చేప, నీళ్లు, ఉప్పు కాకుండా ఫాస్ఫేట్ పేరుతో ఏదైనా ఉంటే ఆ ఫిల్లెట్ నీళ్లు పీల్చుకుని బరువు పెరిగినదన్నమాట. పెనం మీద వేయగానే నీళ్లు వదులుతుంది, ఎంత వేయించినా ఎర్రబడదు. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు, అక్కడ నిలువు చేపే దొరుకుతుంది.

## హైబ్రిడ్ స్ట్రైప్డ్ బాస్

అమెరికాలో ఉండి పులుసు పెట్టాలనుకునేవాళ్లకి నేను మొదట చెప్పే చేప ఇదే. మంచినీటి వైట్ బాస్‌కీ సముద్రపు స్ట్రైప్డ్ బాస్‌కీ కలిపి పుట్టించిన సంకరజాతి. చెరువుల్లో, ట్యాంకుల్లో పెంచుతారు. చైనా వాళ్ల మార్కెట్లలో చాలాచోట్ల బతికున్నవే అమ్ముతారు. వెండి ఒంటి మీద నల్లగీతలు ఉంటాయి, ఆ గీతలు మధ్యలో తెగినట్టు ఉంటే అది హైబ్రిడ్.

కిలోకి కొంచెం తక్కువో ఎక్కువో తూగే చేపని ఎంచుకోండి. పొలుసు తీయించి, మొప్పలు, పేగులు తీసేసి, నడిముల్లుతో సహా అడ్డంగా అంగుళం మందం ముక్కలు కొట్టమని చెప్పండి. తలకాయ పారేస్తారు, ముందే కావాలని చెప్పాలి. తలని నిలువునా రెండు చేయించుకోండి. ఇంటికొచ్చాక రాళ్లుప్పు, పసుపు, కాస్త నిమ్మరసంతో రుద్ది కడిగితే జిగట పోతుంది.

పులుసు పెట్టే తీరులో ఒక్క మాట. చింతపండు రసం, ఉల్లిపాయ, కారం, మెంతి అంతా ముందు బాగా మరిగి చిక్కబడాలి. ముక్కలు ఆఖర్న వేయాలి. ముక్కలు పడ్డాక గరిటె పెట్టకూడదు. వెడల్పాటి గిన్నెని రెండు చెవులూ గుడ్డతో పట్టుకుని మెల్లగా కుదపాలి. పులుసు ముక్కల మీదికి ఎక్కి దిగుతుంది, ముక్క మాత్రం చెదరదు. ఎనిమిది నుంచి పది నిమిషాలు చాలు. బెండకాయలు వేసేవాళ్లు చేప కంటే ముందే వేసేయాలి.

## సముద్రపు స్ట్రైప్డ్ బాస్

అట్లాంటిక్ తీరం చేప ఇది. మేరీలాండ్‌లో రాక్‌ఫిష్ అంటారు, ఆ రాష్ట్ర చేప కూడా. ఎండాకాలంలో గేలం పట్టుకుని వెళ్లే మన కుర్రాళ్లు తరచూ తెచ్చేది ఇదే. కండ బిగువు, రుచి గాఢం. పక్కల వెంట ముదురు ఎరుపు కండ ఒక పట్టీలా ఉంటుంది, అది నీసుగా ఉంటుంది కనుక కోసేయడం మంచిది.

రెండు సంగతులు గమనించాలి. పెద్ద చేపల్లో మెర్క్యురీతో పాటు పీసీబీలు అనే పాత పారిశ్రామిక రసాయనాలు కూడా పేరుకుంటాయి. పీసీబీలు కొవ్వులో చేరతాయి కాబట్టి చర్మం, పొట్ట కొవ్వు, ఎర్ర కండ తీసేస్తే చాలావరకు తగ్గుతాయి. మెర్క్యురీ కండలోనే ఉంటుంది, ఎంత కోసినా, ఎంత కడిగినా పోదు. మీరు పట్టిన నీళ్లకి రాష్ట్రం ఇచ్చిన సూచనలు చదివిన తర్వాతే వండండి. రెండోది, ఈ చేప సంఖ్య బాగా తగ్గింది. 2023లో 31 అంగుళాలు దాటిన చేపని పట్టి ఇంటికి తీసుకెళ్లకూడదని తీరమంతా అత్యవసరంగా నిబంధన పెట్టారు. గుడ్లు పెట్టే పెద్ద చేపల్ని కాపాడటానికి పెట్టిన నిబంధన అది, పాటించడం మన బాధ్యత.

## బ్రాంజినో

మధ్యధరా సముద్రం చేప. టర్కీలో లెవ్రెక్, స్పెయిన్‌లో లుబినా. టర్కీ, గ్రీస్‌లలో వలపంజరాల్లో పెంచి ప్రపంచమంతా పంపుతారు. గల్ఫ్‌లో, ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకి ‘సీ బాస్’ అంటే ఇదే. పక్కనే సీ బ్రీమ్ ఉంటుంది, అది వేరే చేప.

సాధారణంగా అరకిలో లోపు ఉంటుంది, ఒక మనిషికి ఒక చేప. ముక్కలు కొడితే సన్నగా వచ్చి పులుసులో విరిగిపోతాయి. దీన్ని నిలువునా వేయించాలి. రెండు పక్కలా మూడేసి గాట్లు పెట్టి, కారం, ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద, నిమ్మరసం, చెంచాడు బియ్యప్పిండి కలిపి గాట్లలోకి దూర్చి 20 నిమిషాలు ఉంచండి. అంతకుముందే చేప తడి పూర్తిగా తుడవాలి, చర్మం కరకరలాడడమంతా అక్కడే ఉంది. ఇనప పెనం బాగా కాలాక వేసి, ఒక పక్క ఐదారు నిమిషాలు కదపకుండా వదిలేయండి. చేప దానంతట అదే పెనాన్ని వదిలినప్పుడు తిప్పాలి. చందువ వేపుడు ఇష్టపడేవాళ్లకి ఇది కచ్చితంగా నచ్చుతుంది.

పెంపకం చేపలో కొవ్వు సముద్రపు చేప కన్నా బాగా ఎక్కువ. ఆ కొవ్వు వల్లే ఓవెన్‌లో పెట్టినా ఎండదు.

## బ్లాక్ సీ బాస్, చిలియన్ సీ బాస్

బ్లాక్ సీ బాస్ న్యూయార్క్, న్యూజెర్సీ తీరంలో దొరికే చేప. రుచి తేట, కండ తెల్లగా గట్టిగా ఉంటుంది. చైనా వాళ్లు అల్లం, ఉల్లికాడలతో ఆవిరి మీద వండేది దీన్నే. నూనె, కారం తగ్గించుకోవాల్సిన పెద్దవాళ్లకి ఇంతకన్నా మంచి వంట లేదు. ముప్పావు కిలో చేపకి పది నిమిషాల ఆవిరి సరిపోతుంది. కొత్తిమీర, పచ్చిమిర్చి, అల్లం, నిమ్మరసం నూరి రాసి అరిటాకులో చుట్టి ఆవిరి పెట్టినా చక్కగా వస్తుంది. వీపు రెక్కల ముళ్లు చాలా వాడి, దుకాణంలోనే కత్తిరించమనండి.

చిలియన్ సీ బాస్ దక్షిణ ధ్రువానికి దగ్గరి చల్లని లోతు నీళ్ల చేప. వంద గ్రాముల్లో పది గ్రాములు దాటి కొవ్వు ఉంటుంది. ధర మిగతావాటితో పోల్చలేం. విందు రోజున కొనేది. కారం, ధనియాలు, పెరుగు పట్టించి 200 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో పావుగంట పెడితే వెన్నలా ఉంటుంది. నూనె చుక్క అక్కర్లేదు. ఒకప్పుడు దొంగవేటతో బాగా తరిగిపోయిన చేప ఇది. 2002లో అమెరికాలో చాలామంది షెఫ్‌లు దీన్ని మెనూల నుంచి తీసేశారు. కొనేట్టయితే పర్యావరణ ధ్రువీకరణ ఉన్న నీలం ఎంఎస్‌సీ ముద్ర చూసి కొనండి.

## ఒంటికి ఏమిస్తాయి

అమెరికా వ్యవసాయ శాఖ పోషకాల పట్టికలో పచ్చి చేప 100 గ్రాములకి ఉన్న లెక్కలివి. ఒమేగా-3 అంటే ఇక్కడ చేపల్లో ఉండే ఈపీఏ, డీహెచ్ఏ రెండూ కలిపి.

| రకం | క్యాలరీలు | ప్రొటీన్ | కొవ్వు | ఒమేగా-3 |
|---|---|---|---|---|
| సముద్రపు బాస్ (కలగలుపు) | 97 | 18.4 గ్రా. | 2.0 గ్రా. | 0.6 గ్రా. |
| స్ట్రైప్డ్ బాస్ | 97 | 17.7 గ్రా. | 2.3 గ్రా. | 0.75 గ్రా. |
| మంచినీటి బాస్ | 114 | 18.9 గ్రా. | 3.7 గ్రా. | 0.6 గ్రా. |

పండుగప్ప కూడా ప్రొటీన్‌లో వీటి దగ్గరే ఉంటుంది, కొవ్వు మాత్రం అది తిన్న మేతని బట్టి మారుతుంది. పెంపకం సాల్మన్‌లో 13 గ్రాముల దాకా కొవ్వు, రెండు గ్రాముల దగ్గర ఒమేగా-3 ఉంటాయి. ఒమేగా-3 కోసమే చేప తినేవాళ్లకి సాల్మన్, కవళ్లు మేలు. ప్రొటీన్ కావాలి, క్యాలరీలు ఎక్కువ వద్దు అనుకునేవాళ్లకి బాస్ మేలు. స్ట్రైప్డ్ బాస్ వంద గ్రాముల్లో బీ12 విటమిన్ 3.8 మైక్రోగ్రాములు ఉంటుంది. పెద్దవాళ్లకి రోజుకి కావాల్సింది 2.4 కాబట్టి ఒక్క పూటతో సరిపోతుంది. సెలీనియం కూడా వీటన్నిట్లో బాగానే ఉంటుంది.

షుగర్ ఉన్నవాళ్లు చేప గురించి భయపడక్కర్లేదు, అందులో పిండిపదార్థం లేదు. చూసుకోవాల్సింది పులుసుతో పాటు కంచంలోకి వచ్చే అన్నాన్ని. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఎంత తినొచ్చో డాక్టర్‌నే అడగాలి. ఒక ముక్క నూనెలో ముంచి వేయిస్తే పై పట్టికలోని క్యాలరీల లెక్క చెల్లదని కూడా గుర్తుంచుకోండి.

## ఎవరికి ఏది

గర్భిణి ఉన్న ఇంట్లో మెర్క్యురీ లెక్క ముందు చూడాలి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పట్టికలో బ్లాక్ సీ బాస్ ‘ఉత్తమం’ వరసలో ఉంది. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి 110 గ్రాముల చొప్పున తినొచ్చు. సముద్రపు స్ట్రైప్డ్ బాస్, చిలియన్ సీ బాస్ రెండో వరసలో ఉన్నాయి, వాటిని తింటే వారానికి ఒక్కసారే, ఆ వారం వేరే చేప వద్దు. అదే పట్టికలో కింగ్ మాకరెల్ పూర్తిగా మానాల్సినవాటిలో ఉంది. మన వంజరం దాని జాతిదే. గర్భంతో ఉన్నప్పుడు వంజరం బదులు బ్లాక్ సీ బాస్ వండిపెట్టమని మా చెల్లికి చెప్పింది కూడా ఇదే కారణంతో. చేప పూర్తిగా మానేయడం మాత్రం సరికాదు, కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదలకి డీహెచ్ఏ కావాలి.

మొదటిసారి చేప తినబోయే పిల్లలకి బారముండి ఫిల్లెట్. ముళ్లు లేవన్నారు కదా అని వదిలేయకుండా, వేలితో ఒకసారి ముక్కంతా నిమిరి చూడండి. అక్కడక్కడా ఒకటి మిగిలిపోతుంది.

నీసు వాసన పడనివాళ్లకి బ్లాక్ సీ బాస్ లేదా బారముండి. సముద్రపు స్ట్రైప్డ్ బాస్ వాళ్లకి పెట్టొద్దు.

హాస్టల్లోనో, ఒక గదిలోనో ఉండి వండుకునే కుర్రాళ్లకి గడ్డకట్టిన బారముండే సులువు. ఒక్క పెనంతో పని అయిపోతుంది. డబ్బు మరీ కటకటగా ఉంటే బాసా కొనుక్కోవడంలో తప్పు లేదు. దానిలో నీళ్లు ఎక్కువ, ప్రొటీన్ కొంచెం తక్కువ, కానీ కారం దట్టించి వేయిస్తే అన్నంలోకి బాగానే ఉంటుంది. బాసా అని తెలిసి కొనండి, అంతే.

ఇండియాలో ఉండి పండుగప్పా, కొర్రమీనా అని ఆలోచించేవాళ్లకి: జబ్బుపడి లేచినవాళ్లకి పెట్టే పల్చటి పులుసుకి కొర్రమీను అలవాటు, అది బతికున్నదే దొరుకుతుంది కాబట్టి తాజాదనం గురించి సందేహం ఉండదు. పదిమందికి విందు అంటే పండుగప్ప. పెద్ద ముక్కలు వస్తాయి, ముల్లు ఏరుకునే పని లేకుండా అతిథులు నింపాదిగా తింటారు.

## ఇంటికి తెచ్చాక

నిలువు చేప కొంటే మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. కండ వేలితో నొక్కితే గుంట పడి ఉండిపోకూడదు.

గాలి తీసిన ప్యాకెట్‌లో గడ్డకట్టిన ఫిల్లెట్ కొంటే, కరగడానికి ఫ్రిజ్‌లో పెట్టేముందే ప్యాకెట్ కత్తిరించాలి. గాలి తగలని చోట పెరిగే ప్రమాదకరమైన బ్యాక్టీరియాకి అలా అవకాశం ఉండదు. చాలామందికి ఇది తెలియక ప్యాకెట్‌తోనే వదిలేస్తారు. కరిగాక ఉప్పు, పసుపు రాసి పది నిమిషాలు జల్లెడలో ఉంచితే అదనపు నీళ్లు దిగిపోతాయి, ముక్క గట్టిపడుతుంది.

థర్మామీటర్ ఉంటే ముక్క మధ్యలో 63 డిగ్రీల సెల్సియస్ వస్తే చేప ఉడికినట్టే. లేకపోతే ఫోర్క్‌తో గుచ్చి కొంచెం తిప్పండి. గాజులా ఉన్న కండ పాలలా తెల్లబడి, రేకు తేలిగ్గా విడివడాలి. పులుసైతే ఆ స్థితికి ఒక్క నిమిషం ముందే దించేయండి, గిన్నె వేడికి మిగతాది ఉడుకుతుంది. మా ఇంట్లో ఆదివారం హైబ్రిడ్ బాస్ పులుసు మధ్యాహ్నమే పెట్టి, రాత్రికి గానీ ముట్టుకోం. తలకాయ ముక్క, కొంచెం చిక్కటి పులుసు సోమవారానికని పక్కన తీసి పెడతాం.